పదిహేడో స్థానంలో ఆగిన పాట

నా బీరువాలో పట్టుచీరల మడతల కింద ఒక క్యాసెట్ ఉంది. అరవై నిమిషాలది. అట్ట మీద నీలం సిరాతో "అమ్మకు, 1984" అని నా చేతిరాత. మొదటి వైపు పాట మొదట్నుంచి ఉండదు. రేడియోలో వస్తుండగా పట్టుకున్నది కాబట్టి, రెండు మీటలూ కలిపి నొక్కేసరికే గిటారు కొంత జారిపోయింది. పాట అయిపోగానే అనౌన్సర్ గొంతు అందుకుని, రాత్రికి మంచు పడవచ్చని చెబుతుంది. అక్కడ టక్కున ఆగిపోతుంది.

ఆ పాట 'హ్యాడ్ ఎ డ్రీమ్'. జడ్స్ అనే తల్లీకూతుళ్ల జంట పాడిన తొలి రికార్డు. జడ్స్ అనగానే, కంట్రీ అని పిలిచే అమెరికా పల్లె బాణీ సంగీతం వినేవాళ్లకు గుర్తొచ్చేది దాని తర్వాత వచ్చిన పాట, ఆ తర్వాత వరసగా వచ్చిన మరికొన్ని పాటలు. ఈ మొదటి పాట బిల్‌బోర్డ్ పత్రిక వేసే కంట్రీ పాటల జాబితాలో 17వ స్థానం దాకా వెళ్లి దిగిపోయింది. వాళ్ల గురించి రాసేవాళ్లు దీన్ని ఒక వాక్యంలో దాటేస్తారు. నేను దాటలేను. నేను అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రం గడప తొక్కింది ఈ పాటతోనే.

1983 నవంబరులో అక్కడి నాష్‌విల్ నగరం చేరాను. మా వారు అప్పటికి ఏడాదిగా అక్కడ పరిశోధన విద్యార్థి. నేను గుంటూరులో నర్సింగ్ చదివి, నాలుగేళ్లు వార్డుల్లో పనిచేసి వెళ్లినదాన్ని. అక్కడి లైసెన్సు పరీక్ష పాసయ్యేదాకా నర్సుగా తీసుకోరు. ఆలోగా ఒక ఆసుపత్రిలో రాత్రిపూట నర్సులకు సాయం చేసే పని దొరికింది. పక్కలు మార్చడం, నాడి చూసి రాయడం, నీళ్లు పట్టించడం.

పని కష్టం కాదు, మాట కష్టం. పాఠాలన్నీ ఇంగ్లీషులోనే చదివినా, టెనెస్సీ పల్లెల నుంచి వచ్చిన ముసలివాళ్లు నోరు తెరిస్తే నాకు ఒక్క ముక్క తెలిసేది కాదు. అచ్చును సాగదీసి, చివరి హల్లును మింగేసి, రెండు మాటల్ని ఒకటి చేసి మాట్లాడతారు. నొప్పి ఎక్కడ అని అడిగి, జవాబు కోసం పక్కనున్న నర్సు ముఖం చూసేదాన్ని. ఒక రాత్రి బాత్‌రూమ్‌కు తీసుకెళ్లమని ఒకావిడ మూడుసార్లు అడిగితే మూడుసార్లూ మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను. ఇంటికి వెళ్లి ఏడ్చాను. మర్నాడు మా రాత్రి డ్యూటీ పెద్ద నర్సు నన్ను పక్కకు పిలిచి, పుస్తకాలు మూసి రేడియో పెట్టుకో, పాటలు విను, మా మాట చెవికి అదే పడుతుంది అంది. అరవై దగ్గర పడుతున్న మనిషి. ఆమె చెప్పిన మందు పనిచేసింది.

సెకండ్‌హ్యాండ్‌లో దొరికిన ఒక టేప్ రికార్డర్‌ను మా వారు పది డాలర్లకు తెచ్చారు. రేడియో కూడా అందులోనే. నాష్‌విల్‌లో ముల్లు ఎటు తిప్పినా కంట్రీ పాటే. 650 మీద డబ్ల్యూఎస్ఎం అనే స్టేషన్ ఉండేది. శనివారం రాత్రుల 'గ్రాండ్ ఓల్ ఓప్రీ' కార్యక్రమం 1925 నుంచి వస్తున్నది దాంట్లోనే. పొద్దున్నే డ్యూటీ నుంచి వచ్చి, అన్నం వండుతూ వినేదాన్ని. మొదట్లో అన్నీ ఒకేలా అనిపించేవి. ఆ కాలపు పాటల్లో వయొలిన్ల గుంపు, వెనక కోరస్, మీద మీద పూసిన తీపి ఎక్కువ. 1980లో వచ్చిన ఒక సినిమా పుణ్యమా అని కౌబాయ్ టోపీ దేశమంతా ఫ్యాషన్ అయిందట. పాటలు కూడా ఆ గిరాకీకి తగ్గట్టు నునుపు దేరాయి.

డిసెంబరులో ఒక పొద్దున కుక్కర్ కూతల మధ్య ఈ పాట వచ్చింది. ముందు గిటారు ఒక్కటే. తీగ మీద వేలు రాసుకున్న చప్పుడు కూడా వినబడింది. తర్వాత ఒక ఆడగొంతు, లోతుగా, కొంచెం గరుకుగా. వయసు మళ్లిన మనిషి అనుకున్నాను. చరణం మధ్యలో రెండో గొంతు వచ్చి చేరింది. చేరినట్టు కూడా తెలియలేదు. పాలలో నీళ్లు కలిసినట్టు కలిసింది. ఎక్కడ కలిసిందో పట్టుకుందామని మళ్లీ వినాలనిపించింది, కాని రేడియో మన మాట వినదు. పొయ్యి ఆర్పి, నిలబడిపోయాను. అప్పటికి ఆ పాటలో నాకు పూర్తిగా తెలిసిన మాటలు కల, మనసు. అంతే.

ఆ వారంలోనే రాత్రి డ్యూటీలో అదే పాట మళ్లీ వచ్చింది. నర్సులు కూర్చునే చోట చిన్న రేడియో సన్నగా మోగుతూ ఉండేది. తెల్లవారుజామున మూడు గంటల వేళ. ఎదురుగా ఉన్న గదిలో గుండె జబ్బుతో చేరిన ఒక ముసలి రైతు నిద్రపట్టక మెలకువగా ఉన్నాడు. చెయ్యి ఊపి కొంచెం పెంచమన్నాడు. పెద్ద నర్సు పెంచింది. పాట అయ్యేదాకా కళ్లు మూసుకుని విన్నాడు. అయ్యాక నన్ను పిలిచి, నాకు అర్థం కావాలని ఒక్కో మాట విడదీసి చెప్పాడు: "వీళ్లిద్దరూ ఒకే ఇంటివాళ్లు. నేర్చుకుంటే రాదిది."

దానికి అక్కడ ఒక పేరు కూడా ఉంది. బ్లడ్ హార్మొనీ అంటారు. రక్తం పంచుకున్నవాళ్లు కలిసి పాడితే వచ్చే జోడు. డెల్మోర్ సోదరులు, లూవిన్ సోదరులు, ఎవర్లీ సోదరులు, కార్టర్ కుటుంబం. ఆ రాత్రి ఆ ముసలాయన నాకు ఈ పేర్లన్నీ వరసగా చెప్పాడు. డెల్మోర్ సోదరుల్ని తన చిన్నప్పుడు రేడియోలో విన్నాడట. ఎక్కువమంది అన్నదమ్ములే. వీళ్లు అక్కచెల్లెళ్లు అయి ఉంటారని ఆయన తీర్మానించాడు.

పెద్ద నర్సు నవ్వి, కాదు, పెద్దది తల్లి అంది. తర్వాత నా వైపు తిరిగి, "ఆమె నర్సు. మనలాగే," అంది.

ఆ ఒక్క మాటతో ఆ పాట నాదైపోయింది. నయోమి జడ్ నాష్‌విల్‌కు దక్షిణాన ఉన్న ఫ్రాంక్లిన్‌లో నర్సుగా పనిచేసింది. కెంటకీలోని యాష్‌లాండ్‌లో 1946లో పుట్టింది, అసలు పేరు డయానా. పద్దెనిమిదేళ్లకే మొదటి బిడ్డ. ఆ బిడ్డే ముందు గొంతుతో పాడే వైనోనా, అసలు పేరు క్రిస్టీనా. నాలుగేళ్లకు ఇంకో అమ్మాయి, ఆష్లీ, తర్వాత సినిమా నటి అయింది. పెళ్లి నిలవలేదు. కాలిఫోర్నియా, మళ్లీ కెంటకీ కొండల్లో టీవీ, ఫోను లేని ఇల్లు. అక్కడే పెద్దపిల్ల గిటారు పట్టింది. పాత రికార్డుల బుట్టలో దొరికిన హేజల్ డికెన్స్, ఆలిస్ జెరార్డ్ జంట రికార్డు విని, తల్లీకూతుళ్లు కలిసి పాడటం అలవాటు చేసుకున్నారు. 1979లో నాష్‌విల్ పక్కకు చేరి, తల్లి ఆసుపత్రిలో పని చేస్తూ, ఖాళీ దొరికినప్పుడల్లా కూతుర్ని వెంటబెట్టుకుని రికార్డు కంపెనీల గుమ్మాలు ఎక్కి దిగింది.

రాల్ఫ్ ఎమరీ తెల్లవారుజామున నడిపే టీవీ కార్యక్రమంలో వాళ్లు పాడేవారు. నయోమి ఇంట్లో తనే సబ్బు కాచేదట. అందుకని ఆయన వాళ్లకు 'సబ్బు అక్కచెల్లెళ్లు' అని పేరు పెట్టాడు. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోయే నర్సులు చూసే కార్యక్రమం అది. మా పెద్ద నర్సుకు వాళ్లు అలా తెలుసు.

తలుపు తెరుచుకున్నది కూడా ఆసుపత్రి నుంచే. కారు ప్రమాదంలో గాయపడిన ఒక అమ్మాయి నయోమి చూసే వార్డులో చేరింది. ఆ అమ్మాయి తండ్రి బ్రెంట్ మాహర్, రికార్డుల నిర్మాత. వంటింటి బల్ల దగ్గర చవకబారు రికార్డర్ మీద కూతురితో కలిసి పాడి పట్టిన క్యాసెట్ ఆయన చేతిలో పెట్టింది. ఆయన విన్నాడు. గిటారు వాద్యకారుడు డాన్ పాటర్ తోడయ్యాడు. నేను కుక్కర్ పక్కన విన్న గిటారు ఆయనదే. 1983లో ఆర్‌సీఏ కంపెనీ అధికారుల ఎదుట నేరుగా పాడి వినిపిస్తే, వాళ్లు ఒప్పందం కుదుర్చుకున్నారు. ఆ ఏడాది చివర్లో మొదటి పాట బయటికి వచ్చింది. కూతురికి పందొమ్మిది, తల్లికి ముప్పై ఏడు.

ఆ పాటను ఎంచుకోవడం ధైర్యమే. డెన్నిస్ లిండే రాసిన ఈ పాటను 1976లో ఎల్విస్ ప్రెస్లీ పాడాడు. మెంఫిస్‌లో తన ఇంట్లోనే, జంగిల్ రూమ్ అని పిలిచే గదిలో రికార్డు చేశాడు. ఎవరికీ తెలియని తల్లీకూతుళ్లు తొలి అడుగులోనే ఎల్విస్ పాట ఎత్తుకోవడం టెనెస్సీలో చిన్న విషయం కాదు. మాతో పనిచేసే ఒక అమ్మాయి మూతి విరిచింది. ఆయన పాడాక ఇంక వీళ్లు పాడేదేముంది అంది. నేను ఎల్విస్ పాట తర్వాత విన్నాను. అది ఉరుకుల మీద పోయే పాట. వీళ్లది అదే దారిలో చెప్పులు విడిచి నడిచినట్టుంది. నేల తగులుతుంది.

17వ స్థానం అంటే ఏమిటో కూడా ఆ పెద్ద నర్సే చెప్పింది. ఏ పాట ఎన్నిసార్లు మోగిందో అప్పట్లో కంప్యూటర్ లెక్కపెట్టదు. ఆ పద్ధతి కంట్రీ జాబితాకు 1990లో వచ్చింది. ఊరూరా స్టేషన్లలో కూర్చున్నవాళ్లు తాము ఏ పాటలు వేస్తున్నారో పత్రికకు చెప్పేవాళ్లు, ఆ లెక్కలు కూడా కలిసి వంద పాటల జాబితా అయ్యేది. పేరు లేని జంట మొదటి ఇరవైలోకి వచ్చిందంటే, ఎక్కడెక్కడో చిన్న ఊళ్లలో ఎందరో మనుషులు విడివిడిగా ఆ రికార్డును చేతిలోకి తీసుకుని, దీన్ని మా వాళ్లు వినాలి అనుకున్నారన్నమాట. దాన్ని నేను ఇప్పటికీ గొప్ప విజయమనే అంటాను.

సరే, అమ్మ సంగతి.

మాది గుడివాడ దగ్గర పల్లె. అమ్మ బడికి వెళ్లింది తక్కువ, పాటలు మాత్రం లెక్కలేనన్ని వచ్చు. నా చిన్నప్పుడు ఇంట్లో వడ్లు దంచేవాళ్లు. ఒకే రోట్లో ఇద్దరు దంచాలంటే ఒకరి పోటు లేచేసరికి ఇంకొకరిది దిగాలి. లెక్క తప్పితే రోకళ్లు రెండూ గాలిలో కొట్టుకుంటాయి, ముంజేతులు జివ్వుమంటాయి. అందుకే పాట. అమ్మ సువ్వి పాట ఎత్తుకునేది, ఎదుటి రోకలి పట్టిన నేను వంత పలికేదాన్ని. నాకప్పుడు పదేళ్లు. వంత అంటే ఊరికే వెనక పాడటం కాదు, ముందు పాడేవాళ్లకు ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వాలి అని అమ్మ చెప్పేది.

జడ్స్ పాటలో ఆ వరస తిరగబడింది. కూతురు ముందు, తల్లి వంత. అది తెలిసిన రోజు నుంచి ఈ పాట అమ్మకు వినిపించాలనే పట్టుదల పట్టుకుంది. ట్రంకాల్‌కు డబ్బు లేదు. కొత్త క్యాసెట్ కొని, రేడియో ముందు రెండు మీటల మీద రెండు వేళ్లు పెట్టుకుని నాలుగు రోజులు కాపు కాశాను. ఐదో రోజు దొరికింది. అనౌన్సర్ వాతావరణంతో సహా పోస్టులో వేశాను.

నెలా పదిహేను రోజులకు నీలం ఏరోగ్రామ్ ఉత్తరం కాదు, పార్సిల్ వచ్చింది. అదే క్యాసెట్, చుట్టూ గుడ్డ కుట్టి. లోపల తమ్ముడి చేత రాయించిన ఉత్తరం. అమ్మ మాటలు అమ్మవిగానే రాశాడు వాడు. "అమ్మాయీ, కువైట్ నుంచి వచ్చిన పక్కింటి అబ్బాయి టేపులో విన్నాము. మాటలు తెలియలేదు. ముందు పాడిన ఆమె తల్లి అనుకున్నాను, గొంతులో అంత బరువుంది. కాదు, అది కూతురు అని నువ్వు రాశావు. మళ్లీ విన్నాను. వెనక గొంతు తల్లిదే. కాలవలో మీకు ఈత నేర్పేటప్పుడు కడుపు కింద చెయ్యి వేసి పట్టుకునేదాన్ని గుర్తుందా, అలా పట్టుకుంది. ఆ పిల్ల మునగదు."

ఆ పాట గురించి తర్వాత చాలా చదివాను. ఇంత సరిగ్గా రాసినవాళ్లు నాకు కనబడలేదు.

ఉత్తరం చివర ఇంకో వాక్యం ఉంది. "రెండో వైపు ఖాళీగా పంపడమెందుకని పాడాను. నీ వంతు వదిలేశాను."

ఆ రాత్రి డ్యూటీకి వెళ్లే ముందు పెట్టుకుని విన్నాను. రోలు లేదు, అమ్మ చెక్కపీట మీద పిడికిలితో పోటు వేస్తూ సువ్వి పాట ఎత్తుకుంది. ఒక వరస పాడి ఆగింది. పీట మీద చప్పుడు మాత్రం ఆగలేదు. నా వరస పట్టేంత చోటు వదిలి, మళ్లీ తన వరస అందుకుంది. దూరంగా గేదె అరుపు, ఎవరో తలుపు తీసిన కిర్రుమనే చప్పుడు. మా వారు పుస్తకం మూసి గదిలోంచి బయటికి వెళ్లిపోయారు. నేను మొదటిసారి నా వంతు పాడలేకపోయాను. గొంతు రాలేదు. రెండోసారి పాడాను.

1984 జనవరిలోనే వాళ్ల చిన్న రికార్డు వచ్చింది, ఆరే పాటలు. మొదటి జీతంతో క్యాసెట్ కొన్నాను. అందులో జాన్ డియర్ ట్రాక్టర్ పాట ఒకటి. ఇప్పుడు మన పొలాల్లోనూ తిరుగుతున్న ఆ పచ్చ ట్రాక్టరే. పల్లె నుంచి పట్నం వచ్చి దారి తప్పిన మనిషి తల్లికి రాసుకున్న ఉత్తరం ఆ పాట. అర ఎకరం చెక్కలో ఇరుక్కున్న ట్రాక్టరులా ఉన్నాను అంటుంది. ఒంటి గది అద్దె ఇంట్లో అది విని ఎన్నిసార్లు తల ఊపానో.

రెండో సింగిల్ 'మామా హీజ్ క్రేజీ', కెన్నీ ఓడెల్ రాసినది. ఆగస్టులో మొదటి స్థానానికి చేరింది. తర్వాతి ఏడాది గ్రామీ బహుమతి. ఆ తర్వాత సంగతి అందరికీ తెలిసిందే. ఆసుపత్రిలో మూతి విరిచిన అమ్మాయే ఆ పాటను రోజంతా కూనిరాగం తీసింది. నాకు సంతోషమే. ఆ ఏడే నేను పరీక్ష పాసై, తెల్ల టోపీ పెట్టుకున్నాను. రోగులు మాట్లాడితే ఇంకెవరి ముఖమూ చూడనవసరం లేకపోయింది. ముసలి రైతు మాత్రం మామా పాట దాకా లేడు. మార్చిలో పోయాడు. ఆయనకు వాళ్లు తల్లీకూతుళ్లని తెలిసింది, అంతవరకు నాకు తృప్తి.

1990లో నయోమి తనకు హెపటైటిస్ సోకిందని, పాట మానుకోవాల్సి వస్తోందని ప్రకటించింది. తర్వాత అది హెపటైటిస్ సి అని తేలింది. నర్సుగా చేసిన రోజుల్లో సూది వల్ల సోకి ఉంటుందని ఆమె చెప్పుకుంది. ఆ వార్త మా వార్డులో ఎవరికీ ఊరికే వార్త కాదు. సూది గుచ్చుకోని నర్సు మాలో లేదు. ఆ రోజు మందుల గదిలో సూదులు పారవేసే డబ్బాను నేను ఎంతసేపు చూస్తూ నిలబడ్డానో తెలియదు. 1991 డిసెంబరు 4న మర్‌ఫ్రీస్‌బరోలో వీడ్కోలు కచేరీ. పక్కింటివాళ్లు కేబుల్‌కు డబ్బు కట్టి పెట్టించుకుంటే, పిల్లల్ని నిద్రపుచ్చి వెళ్లి చూశాను.

అమ్మ 1997లో పోయింది. అంతకు ముందు ఒక్కసారి మా దగ్గరికి వచ్చి ఆరు నెలలుంది. కారులో వెళ్తుండగా రేడియోలో జడ్స్ పాట ఏది వచ్చినా గుర్తుపట్టేది. "మీ నర్సమ్మ" అనేది.

2022 ఏప్రిల్ 30న నయోమి చనిపోయింది. మర్నాడు కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో వాళ్లిద్దరికీ చోటిచ్చే సభ. అమ్మను మానసిక వ్యాధికి పోగొట్టుకున్నామని కూతుళ్లిద్దరూ దాచకుండా చెప్పారు. సభ ఆగలేదు. అక్కచెల్లెళ్లిద్దరూ వేదిక ఎక్కి, ఒకరినొకరు పట్టుకుని నిలబడి, బైబిలులోని ఇరవై మూడో కీర్తన చదివారు. జీవితమంతా వంత పలికిన గొంతు పక్కన లేకుండా వైనోనా మైకు ముందు నిలబడటం టీవీలో చూసి, కట్టేశాను.

ఆ సాయంత్రం బీరువా తెరిచి క్యాసెట్ తీశాను. వేసే యంత్రం ఇంట్లో లేదు. మా అమ్మాయి తన స్నేహితురాలి తండ్రి దగ్గర నుంచి ఒకటి తెచ్చి పెట్టింది. పట్టీ ఎక్కడ తెగుతుందోనని పెన్సిల్ దూర్చి నెమ్మదిగా బిగించాను. మొదటి వైపు గిటారు సగంలో మొదలైంది. లోతైన గొంతు, తర్వాత కలిసిన గొంతు. రాత్రికి మంచు పడవచ్చు. మా అమ్మాయి, ఇందులో తల్లి ఎవరమ్మా అని అడిగింది. విను, తెలుస్తుంది అన్నాను.

తర్వాత రెండో వైపు తిప్పాను. కాసేపు బరబర. పీట మీద పోటు మొదలైంది. అమ్మ ఎత్తుకుంది, ఒక వరస పాడి ఆగింది. నేను నా వంతు పాడాను. మూడో వరస దగ్గర మా అమ్మాయి, మాట ఒక్కటీ రాకపోయినా, నా వెనక గొంతు కలిపింది.